అగ్రీయబుల్ గ్రేనా, రిపోజ్ గ్రేనా? ఇల్లంతా ఒకటే రంగు వేయించేముందు చూసుకోవాల్సినవి

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు చెబుతాను. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో రెండంతస్తుల ఇల్లు కొన్నారు. తూర్పు ముఖం. గోడలన్నీ బిల్డర్ వేసిన ముదురు బిస్కెట్ రంగు. కింద నారింజ ఛాయ ఉన్న బ్రౌన్ చెక్క ఫ్లోర్, పైన బెడ్‌రూముల్లో బేజ్ (లేత ఇసుక రంగు) కార్పెట్, కిచెన్‌లో తెల్ల కేబినెట్లు, గోధుమ రంగు చుక్కలున్న గ్రానైట్. ఇల్లంతా ఒకటే రంగు వేయిద్దామని షెర్విన్ విలియమ్స్ అనే పెయింట్ కంపెనీ కేటలాగ్ తిరగేసి, చివరికి అగ్రీయబుల్ గ్రే, రిపోజ్ గ్రే దగ్గర ఆగిపోయారు. మీకు మొదటిది నచ్చింది, మీవారికి రెండోది, అది "కూల్ గ్రే" అని ఆయన రాశారు. ఫోటోల్లో చూస్తే రెండూ ఒకటే అనిపిస్తున్నాయి. అత్తగారు వచ్చి గోడలు బూడిద రంగులో ఉన్నాయేమిటని అంటారేమోనని ఒక బెంగ. పెయింటర్ వచ్చే వారం వస్తున్నాడు కాబట్టి టెన్షన్.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆ ఫ్లోరూ ఆ కార్పెట్టూ అలాగే ఉంచేటట్టయితే అగ్రీయబుల్ గ్రే వేయించండి. ఏడాదిలోపు ఫ్లోర్ మార్చే ఆలోచన ఉంటే మాత్రం పెయింటర్‌ని ఆపండి. ముందు ఫ్లోర్ తేలాలి, ఆ తర్వాతే గోడ. డాలస్ చుట్టుపక్కల ఇళ్లకు రంగులు ఎంచిపెట్టే పని నేను చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఈ రెండు రంగుల మధ్య ఇరుక్కున్న కుటుంబాల్లో ఎక్కువమంది రంగుల్ని ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ కూర్చుంటారు. పోల్చాల్సింది వాటిని మీ ఇంట్లో మారని వస్తువులతో. నేల, గ్రానైట్, కిటికీ ఏ దిక్కున ఉంది, బల్బు ఏది. ఇవి తెలిస్తే రంగు దానంతట అదే తేలిపోతుంది.

రెండింటికీ తేడా ఎంతో, ఎక్కడుందో కంపెనీ ఇచ్చే అంకెల్లోనే కనిపిస్తుంది, అక్కడ మొదలుపెడదాం. అగ్రీయబుల్ గ్రే నంబరు 7029, రిపోజ్ గ్రే నంబరు 7015. గోడ మీద పడిన వెలుతురులో ఎంత తిరిగి గదిలోకి వస్తుందో చెప్పే కొలతను ఎల్‌ఆర్‌వీ అంటారు. సున్నా అంటే పూర్తి నలుపు, 100 అంటే పూర్తి తెలుపు. అగ్రీయబుల్‌ది 60, రిపోజ్‌ది 58. ఈ రెండు పాయింట్ల తేడా గోడ మీద దాదాపు కనిపించదు. రిపోజ్ వేస్తే ఇల్లు చీకటైపోతుందని ఎవరైనా చెబితే పట్టించుకోవద్దు. చీకటి గదిలో రెండూ చీకటిగానే ఉంటాయి. ఎల్‌ఆర్‌వీ ఎక్కువున్న రంగు ఉన్న వెలుతురును తిప్పి పంపుతుంది అంతే, లేని వెలుతురును తీసుకురాదు.

అసలు తేడా ఛాయలో ఉంది. స్క్రీన్ కోసం కంపెనీ ఇచ్చే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు చూడండి. అగ్రీయబుల్‌కి 209, 203, 193. రిపోజ్‌కి 204, 201, 192. నీలంలో తేడా 1, ఆకుపచ్చలో 2, ఎరుపులో 5. అగ్రీయబుల్‌లో అదనంగా ఉన్నది ప్రధానంగా ఆ కాస్త ఎరుపే. ఇంకో రకంగా చూడాలంటే ఎరుపు అంకెలోంచి నీలం అంకె తీసేయండి. రిపోజ్‌కి 12 వస్తుంది, అగ్రీయబుల్‌కి 16. చాలామంది వేసుకునే యాక్సెసిబుల్ బేజ్‌కి 25. ఈ అంకె పెరిగేకొద్దీ రంగు బేజ్ వైపు నడుస్తుంది, తగ్గేకొద్దీ గ్రే వైపు. రిపోజ్‌లో కూడా ఎరుపే ఎక్కువ, నీలమే తక్కువ. కాబట్టి మీవారు రాసినట్టు అది "కూల్ గ్రే", అంటే నీలం వైపు మొగ్గే చల్లటి గ్రే, కాదు. రెండూ వెచ్చటి గ్రేలే, ఒకటి ఇంకొంచెం వెచ్చన. తేడా ఇంత సన్నగా ఉంది కాబట్టే మీ ఇంటి వెలుతురు, మీ ఇంటి నేల దాన్ని సులువుగా అటూ ఇటూ తిప్పేస్తాయి.

ఛాయ కంటికి ఆనకపోతే షాపులో ఒక పని చేయండి. రంగుల స్ట్రిప్ మీద లేత రంగును చూసి ఆగకుండా, అదే స్ట్రిప్‌లో కిందికి వెళ్లి ముదురు రంగు చూడండి. రిపోజ్ ఉన్న స్ట్రిప్‌లో కింద గాంట్‌లెట్ గ్రే ఉంటుంది, స్పష్టంగా గ్రే. అగ్రీయబుల్ స్ట్రిప్‌లో మెగా గ్రేజ్, వార్మ్ స్టోన్ ఉంటాయి, వాటిలో మట్టి రంగు తెలుస్తుంది. లేత రంగులో దాగి ఉన్నది ముదురు రంగులో బయటపడుతుంది. ఇది ఏ కంపెనీ రంగులకైనా పనికొస్తుంది.

ఇక వెలుతురు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన ఊళ్లలో పెరిగిన కంటి అలవాటు ఇక్కడ పనిచేయదు. హైదరాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 17 డిగ్రీల మీద ఉంది. అక్కడ మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరం వైపే ఉంటాడు. ఫ్రిస్కో 33 డిగ్రీల మీద ఉంది. ఇక్కడ ఏడాదిలో ఏ రోజూ సూర్యుడు నడినెత్తికి రాడు, మధ్యాహ్నం ఎప్పుడూ దక్షిణం వైపే. డిసెంబర్ చివర్లో మధ్యాహ్నం పన్నెండున్నరకు కూడా ఆకాశంలో మూడో వంతు ఎత్తు కంటే కొంచెమే పైన ఉంటాడు. అందుకని ఇక్కడ ఉత్తరం కిటికీల్లోంచి వచ్చేది దాదాపుగా ఆకాశం వెలుతురు మాత్రమే, నీలి ఛాయ ఉన్న వెలుతురు. వేసవిలో పొద్దున్నే, సాయంత్రం చివర్లో కొద్దిసేపు ఎండ తగులుతుంది. దక్షిణం కిటికీల్లోంచి చలికాలంలో ఎండ గది లోతుకు వస్తుంది. సియాటిల్‌లో ఉన్న మీ ఫ్రెండ్ ఇంట్లో రిపోజ్ అద్భుతంగా ఉందని రాశారు. అది 47 డిగ్రీలు దాటిన ఊరు, చలికాలమంతా మబ్బు. ఆ ఇంటి గోడ ఫ్రిస్కో ఇంటికి సాక్ష్యం కాదు.

మీది తూర్పు ముఖం ఇల్లు అన్నారు. మనవాళ్లలో చాలామంది వాస్తు చూసుకుని తూర్పు ముఖమో ఉత్తర ముఖమో కొంటారు, దానితో రంగుల లెక్క కూడా మారిపోతుంది. ఎందుకంటే ఇక్కడి బిల్డర్ ఇళ్లలో పెద్ద కిటికీలు వీధి వైపు ఉండవు. ఫ్యామిలీ రూమ్, కిచెన్, డైనింగ్ అన్నీ వెనక, బ్యాక్‌యార్డ్ వైపు ఉంటాయి. ఇంటి ముఖం తూర్పైతే, మీరు రోజంతా గడిపే గదుల ముఖం పడమర. ముందున్న స్టడీ రూమ్‌లో పొద్దున ఎండ పడుతుంది, ఆ తర్వాత చల్లబడుతుంది. వెనక ఫ్యామిలీ రూమ్‌లో పొద్దుటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా నేరుగా ఎండ రాదు, వెలుతురు చప్పగా, కొంచెం నీలంగా ఉంటుంది. మూడు దాటాక టెక్సస్ పడమటెండ నేరుగా లోపలికి వస్తుంది, గది అంతా బంగారు రంగులోకి మారుతుంది.

ఈ ఫ్యామిలీ రూమ్‌లో అగ్రీయబుల్ వేస్తే పొద్దున మంచి గ్రేగా, సాయంత్రం క్రీమ్ కలిసిన బేజ్‌గా కనిపిస్తుంది. రిపోజ్ వేస్తే పొద్దున చల్లగా, ఒక్కోసారి లేత ఊదా ఛాయతో, సాయంత్రం నికరమైన గ్రేగా ఉంటుంది. మీవారికి నచ్చిన రిపోజ్ ఫోటో ఏ గదిదో నాకు తెలియదు కానీ, పడమటి గదిలో సాయంత్రం ఐదింటికి రిపోజ్ నిజంగా అందంగా ఉంటుంది. ఆయన కన్ను తప్పు కాదు. కాకపోతే ఆ రెండు మూడు గంటల కోసం మిగతా రోజంతా చల్లటి గోడతో ఉండాలి. పైన ఉత్తరం వైపు బెడ్‌రూమ్ ఉంటే అక్కడ రిపోజ్ ఇంకా నీలంగా తేలుతుంది, చలికాలం మబ్బు రోజుల్లో మరీ.

వెనక కవర్డ్ పాటియో, అంటే పైకప్పున్న వరండా, ఉంటే ఇంకో సంగతి. పైకప్పు నేరుగా వచ్చే వెలుతురును ఆపేస్తుంది, లోపలికి వచ్చేది ఎక్కువగా పాటియో కాంక్రీట్ మీద, గడ్డి మీద పడి వచ్చిన వెలుతురు. మీ యార్డ్‌లో బెర్ముడా గడ్డి ఉంటే వేసవిలో గోడకు పచ్చ ఛాయ వస్తుంది, చలికాలంలో ఆ గడ్డి ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది కాబట్టి ఛాయ కూడా మారుతుంది. పక్క కిటికీలోంచి పక్కింటి ఎర్ర ఇటుక గోడ కనిపిస్తుంటే దాని మీద ఎండ పడినప్పుడు మీ గోడ గులాబీ రంగు అందుకుంటుంది. ఫ్రిస్కోలో లాట్లు ఇరుకు, ఇటుక ఇళ్లు ఎక్కువ, ఇది తరచూ చూసేదే. పెయింట్ కలపడంలో తప్పు జరిగిందని షాపుకు డబ్బా వెనక్కి తీసుకెళ్లేముందు కిటికీ బయట ఏముందో చూడండి.

ఇప్పుడు మీ విషయంలో అసలు తీర్పు ఇచ్చేది, ఫ్లోర్. 19వ శతాబ్దంలో పారిస్‌లో గోబెలిన్స్ అనే నేతశాలకు షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త అద్దకాల విభాగం చూసేవారు. నల్ల అద్దకం సరిగ్గా పట్టడం లేదని ఫిర్యాదులొస్తే ఆయన పరీక్షించి చూశారు. అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. ఒక రంగు పక్కనున్న రంగును తనకు వ్యతిరేక రంగు వైపు నెట్టేస్తుందని ఆయన 1839లో ప్రచురించారు. రంగులతో పనిచేసే వాళ్లకు ఇది ఈరోజుకీ మొదటి పాఠం. నారింజకు వ్యతిరేకం నీలం. మీ ఫ్లోర్‌లో నారింజ ఛాయ ఉంది. దాని పక్కన ఏ గ్రే పెట్టినా కంటికి అది నీలం వైపు జరుగుతుంది. అగ్రీయబుల్‌లో ఉన్న అదనపు ఎరుపు ఆ నెట్టుడును తట్టుకుని గ్రేగా నిలబడుతుంది. రిపోజ్‌కి ఆ కాస్త రక్షణ లేదు, లేత నీలం గోడలా కనిపించే ప్రమాదం ఉంది. మీకు ఇండియా నుంచి తెచ్చుకున్న టేకు ఉయ్యాల బల్లో, టేకు డైనింగ్ టేబులో ఉంటే ఈ ప్రభావం ఇంకా పెరుగుతుంది.

పైన కార్పెట్ సంగతి ఇంకో రకం. బేజ్ కార్పెట్ పక్కన చల్లటి గోడ పెడితే గోడ బాగానే ఉంటుంది, కార్పెట్ పసుపుగా, పాతబడినట్టుగా కనిపిస్తుంది. శుభ్రంగా ఉన్న కార్పెట్‌కి షాంపూ చేయించిన వాళ్లను చూశాను, గోడ మార్చాక అది మళ్లీ కొత్తదిలా ఉంది. అగ్రీయబుల్‌లో బేజ్ కలిసి ఉంది కాబట్టి కార్పెట్‌తో గొడవ పడదు.

అదే మీరు ఆ చెక్క తీయించి లేత వైట్ ఓక్ వేయిస్తారనుకోండి, లేదా గ్రే వినైల్ ప్లాంక్ వేయిస్తారనుకోండి, నా సలహా తిరగబడుతుంది. గ్రే ఫ్లోర్ పక్కన అగ్రీయబుల్ మురికి పట్టిన బేజ్‌లా, ఒక్కోసారి గులాబీగా కనిపిస్తుంది. అక్కడ రిపోజ్ కచ్చితంగా మెరుగు. లేత ఓక్ మీద రెండూ బాగుంటాయి, అప్పుడు మీ ఇద్దరిలో ఎవరి మాట నెగ్గినా ఇబ్బంది లేదు.

ఫోటోల గురించి ఒక మాట. మీ ఇద్దరికీ ఫోటోల్లో తేడా కనిపించకపోవడం సహజం. ఫోన్ కెమెరా గదిలోని వెలుతురు రంగును తనంతట తానే సవరించి, గోడ మామూలు గ్రేగా కనిపించేలా చేస్తుంది. ఈ రెండు రంగుల మధ్య ఉన్న సన్నటి తేడా సరిగ్గా ఆ సవరణలోనే మాయమవుతుంది. ఆ పైన రియల్ ఎస్టేట్ ఫోటోలను ఎడిట్ చేసి ఇంకా తెల్లగా మారుస్తారు. చూసే ఫోన్‌లో రాత్రిపూట పసుపు ఫిల్టర్ ఆన్‌లో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి ఫోటోలు పక్కన పెట్టండి.

శాంపిల్ ఎలా చూడాలో చెబుతాను, ఎక్కువమంది పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పాత గోడ మీదే నేరుగా రెండు పట్టీలు వేసి చూడకండి. మీ గోడ పసుపు కలిసిన బిస్కెట్ రంగు. షెవ్రుల్ చెప్పినట్టే దాని మీద ఏ గ్రే వేసినా నీలంగా, ఊదాగా కనిపిస్తుంది. అది చూసి భయపడి ఇంకా పసుపు రంగు ఎంచుకుంటారు, గోడలన్నీ పూర్తయ్యాక బిస్కెట్ రంగు పోతుంది, ఎంచుకున్న రంగు మరీ పసుపుగా మిగులుతుంది. రెండడుగుల తెల్ల ఫోమ్ బోర్డులు రెండు కొనండి. ఒక్కోదాని మీద ఒక్కో రంగు రెండు కోట్లు వేయండి, చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు తెల్ల అంచు వదిలేయండి. ఓపిక లేకపోతే అంటించి తీసేసే శాంపిల్ షీట్లు దొరుకుతాయి, వాటి చుట్టూ తెల్ల కాగితం పెట్టండి.

బోర్డులు ఆరాక ఒక్కసారి మాత్రం పక్కపక్కన పెట్టి తేడా ఏమిటో కంటికి ఎక్కించుకోండి. ఆ తర్వాత వాటిని విడదీయండి. పక్కపక్కన ఉన్నంతసేపూ రిపోజ్ మరీ నీలంగా, అగ్రీయబుల్ మరీ బేజ్‌గా కనిపిస్తూనే ఉంటాయి. మీ గోడ మీద ఉండబోయేది ఒక్కటే రంగు, దాని పక్కన ఉండేది నేల, సోఫా, కర్టెన్. కాబట్టి ఒక రోజు ఒక బోర్డు, ఇంకో రోజు ఇంకోటి. గోడకు నిలువుగా ఆనించండి, నేల మీద పడుకోబెట్టి చూడొద్దు, వెలుతురు పడే తీరు మారిపోతుంది. గోడ అడుగున ఉండే పట్టీ (బేస్‌బోర్డ్) దగ్గర, ఫ్లోర్‌కి తగిలేలా ఒకసారి. కిటికీ ఉన్న గోడ మీద ఒకసారి, కిటికీకి ఎదురు గోడ మీద ఒకసారి. గది మూలలో తప్పకుండా ఒకసారి, ఎందుకంటే మూలలో రెండు గోడలూ ఒకదాని రంగును ఒకటి ప్రతిఫలించుకుంటాయి, ఛాయ చిక్కబడుతుంది. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం, సాయంత్రం ఐదింటికి, రాత్రి లైట్ల కింద చూడండి. ఒక మబ్బు రోజు దొరికితే ఇంకా మంచిది.

ఇంకో సంగతి. టెక్సస్ ఇళ్ల గోడలు నున్నగా ఉండవు, ఆరెంజ్ పీల్ అనే గరుకు టెక్స్చర్ ఉంటుంది. ఆ గరుకు మీద చిన్న చిన్న నీడలు పడి, నున్నటి బోర్డు మీద చూసినదానికంటే గోడ ఒక పిసరు ముదురుగా కనిపిస్తుంది. బోర్డు మీద రంగు కొంచెం లేతగా ఉందే అనిపిస్తే అది సరైన రంగే అయ్యే అవకాశం ఎక్కువ. బోర్డు మీద లేతగా అనిపించిందని ఇంకొంచెం ముదురు వైపు మాత్రం వెళ్లకండి.

బల్బుల సంగతి రంగు తేల్చేముందే చూసుకోవాలి. మనలో చాలామందికి ట్యూబ్‌లైట్ తెలుపు అలవాటు. బల్బు వెలుతురు రంగును కెల్విన్ అంకెతో చెబుతారు, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలి తెలుపు. ఇండియాలో మామూలుగా వాడే తెల్ల ఎల్‌ఈడీలు 6500 కెల్విన్ దగ్గర ఉంటాయి, బాగా నీలి తెలుపు. ఇక్కడ కూడా మనవాళ్లు కిచెన్‌లో 5000 కెల్విన్ డేలైట్ బల్బులు పెట్టుకుంటారు, కూరగాయలు తరుక్కోవడానికి బాగుంటుందని. పక్కనే ఫ్యామిలీ రూమ్‌లో పాత బల్బులు 2700 ఉంటాయి. ఈ ఇళ్లలో కిచెన్‌కి, ఫ్యామిలీ రూమ్‌కి మధ్య గోడ ఉండదు. ఒకే గోడ రాత్రిపూట ఒక చివర నీలంగా, ఇంకో చివర పసుపుగా కనిపిస్తుంది. అప్పుడు ఏ పెయింట్ వేసినా తప్పే. కింద అంతా 3000 కెల్విన్‌కి మార్చండి, ప్యాకెట్ మీద సీఆర్‌ఐ (ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నది చూసి కొనండి. తెల్లటి వెలుతురు లేకపోతే ఉండలేం అనుకుంటే 3500 దాకా వెళ్లొచ్చు, అగ్రీయబుల్ తట్టుకుంటుంది. 5000 కెల్విన్ బల్బుల వెలుతురులో అగ్రీయబుల్ కూడా జీవం లేని గ్రేగా మారుతుంది, రిపోజ్ అయితే ఆఫీసు గోడలా ఉంటుంది. అత్తగారు బూడిద రంగు అంటారేమోనన్న మీ బెంగకు కూడా సగం మందు ఇదే. వెచ్చటి బల్బుల కింద, పగటి ఎండలో అగ్రీయబుల్‌ని చూసి గ్రే అనేవాళ్లు తక్కువ. పెద్దవాళ్లు రోజంతా ఇంట్లోనే ఉంటారు, వాళ్ల కంటికి హాయిగా ఉండటం ముఖ్యమే, ఆ ఆలోచన మీకు వచ్చినందుకు సంతోషం.

"ఇల్లంతా ఒకటే రంగు" అన్నారు. హాలు, మెట్లు, ఫ్యామిలీ రూమ్, కిచెన్, పై నడవ, ఇవన్నీ ఒకదాన్నుంచి ఒకటి కనిపిస్తాయి కాబట్టి ఒకటే రంగు మంచిది. పూజ గది మాత్రం విడిగా చూడండి. ఇక్కడ మనవాళ్లు మెట్ల కింద గదినో, క్లోజెట్‌నో పూజ గదిగా మార్చుకుంటారు, దానికి కిటికీ ఉండదు. కిటికీ లేని చిన్న గదిలో ఈ రెండు రంగులూ దిగులుగా ఉంటాయి. అక్కడ అలబాస్టర్ వేయండి, నంబరు 7008, ఎల్‌ఆర్‌వీ 82, మెత్తటి వెచ్చటి తెలుపు. దీపం వెలుగులో చాలా బాగుంటుంది. దీపం మసి, అగరుబత్తి పొగ, పసుపు కుంకుమ చేతులు తగులుతాయి కాబట్టి అక్కడ కడగడానికి వీలైన, కొంచెం మెరుపుండే శాటిన్ ఫినిష్ అడగండి.

కిచెన్‌లో కూడా శాటిన్. మన పోపు, వేపుడు నూనె తుంపర్లు బ్యాక్‌స్ప్లాష్ టైల్ దాటి పక్క గోడకు చేరతాయి. బిల్డర్ వేసే, మెరుపు లేని ఫ్లాట్ పెయింట్‌ని తడిగుడ్డతో తుడిస్తే మరక పోయినా తుడిచిన చోటు మచ్చగా మిగులుతుంది. స్టవ్ పక్కన నూనె పట్టిన గోడను ముందు డిగ్రీజర్‌తో కడిగించి, మరకలు పైకి తేలకుండా ఆపే ప్రైమర్ వేయించి, ఆ తర్వాతే రంగు. ఈ మెట్టు వదిలేస్తే పసుపు మరకలు కొత్త పెయింట్‌లోంచి కూడా బయటికి వస్తాయి. పెయింటర్ అక్కర్లేదంటాడు, మీరు పట్టుబట్టండి. మిగతా గదులకు శాటిన్ కంటే తక్కువ మెరుపుండే ఎగ్‌షెల్ ఫినిష్ చాలు. పిల్లలు గోడ పట్టుకుని ఎక్కే మెట్ల దారికి మాత్రం శాటిన్ ఆలోచించండి, గరుకు గోడ మీద అంత మెరుపు ఇష్టం లేకపోతే ఎగ్‌షెల్‌తోనే సరిపెట్టుకోండి.

ట్రిమ్ (తలుపులు, కిటికీల చుట్టూ, గోడ అడుగున ఉండే పట్టీలు), తలుపులు ఇప్పుడు ఏ తెలుపులో ఉన్నాయో కనుక్కోండి. ఎక్స్‌ట్రా వైట్, నంబరు 7006, కొంచెం నీలి తెలుపు. దాని పక్కన అగ్రీయబుల్ మరింత వెచ్చగా కనిపిస్తుంది, అది మీకు మంచిదే. ట్రిమ్ కూడా కొత్తగా వేయిస్తుంటే ప్యూర్ వైట్, 7005, అగ్రీయబుల్‌కి బాగా కుదురుతుంది. పాత ట్రిమ్ పసుపు పట్టి ఉంటే దాన్ని అలాగే వదిలి గోడలు మాత్రమే వేయించడం అనవసరపు పొదుపు. కొత్త గోడ పక్కన ఆ పసుపు రెట్టింపుగా కనిపిస్తుంది.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. వేరే కంపెనీ షాపులో "షెర్విన్ విలియమ్స్ అగ్రీయబుల్ గ్రే కలిపివ్వండి" అంటే ఇస్తారు, కానీ వాళ్ల బేస్ వేరు, రంగు ద్రవాలు వేరు. మామూలు రంగులకు ఆ తేడా పెద్దగా పట్టదు. ఇలాంటి సన్నటి ఛాయల్లో అదే తేడా పచ్చగానో గులాబీగానో తేలుతుంది, అగ్రీయబుల్‌కీ రిపోజ్‌కీ మధ్య మీరు ఇంతసేపు చూసిన తేడా కంటే ఎక్కువే ఉండొచ్చు. ఆ కంపెనీ షాపులోనే తీసుకోండి, వాళ్లు తరచూ డిస్కౌంట్లు ఇస్తారు, ఒక వారం ఆగినా నష్టం లేదు. రెండోది, ఒక గ్యాలన్ ఒక కోటుకి 350 నుంచి 400 చదరపు అడుగుల దాకా వస్తుంది. బిస్కెట్ రంగు మీద రెండు కోట్లు కచ్చితంగా కావాలి. ఒకే గదికి రెండు మూడు డబ్బాలు పడితే వాటిని పెద్ద బకెట్‌లో పోసి కలిపాకే వేయమనండి, లేదంటే ఒక గోడ మధ్యలో డబ్బా మారిన చోటు తెలిసిపోతుంది.

తడిగా ఉన్నప్పుడు రంగు లేతగా కనిపిస్తుంది, ఆరాక ముదురుతుంది. మొదటి కోటు చూసి ఆ సాయంత్రమే పెయింటర్‌కి ఫోన్ చేయకండి. రెండు కోట్లూ ఆరాక, ఫర్నిచర్ వెనక్కి పెట్టాక, ఒక పగలూ ఒక రాత్రీ చూసి అప్పుడు మాట్లాడండి.

వచ్చే వారం లోపు రెండు బోర్డులూ చూసే టైమ్ లేకపోతే పెయింటర్‌ని ఒక వారం వెనక్కి జరపమనండి, ఇక్కడ వాళ్లకు అది అలవాటే. బోర్డులు చూశాక కూడా మీవారి మనసు రిపోజ్ మీదే ఉంటే తూర్పు వైపున్న స్టడీ రూమ్ ఆయనకు వదిలేయండి. తలుపు వేసుకునే గది, హాలు గోడలతో కలిసి కనిపించదు, పొద్దున ఎండ ఆ రంగుకి కావాల్సిన వెచ్చదనం ఇస్తుంది. కాకపోతే అక్కడా అదే చెక్క ఫ్లోర్ ఉంటే నేల కనిపించకుండా లేత గ్రే రగ్గు ఒకటి పరవాలి. మిగిలిన పెయింట్ చిన్న సీసాల్లో పోసి, మూత మీద గది పేరు, రంగు నంబరు, ఫినిష్, తేదీ రాసి ఇంట్లోనే క్లోజెట్‌లో పెట్టుకోండి. గరాజ్‌లో పెడితే ఇక్కడి ఎండలకు రెండు వేసవులు కూడా నిలవదు.